పాత పద్మిని, అంబాసిడర్ నడపాలనుకుంటున్నారా? ఎక్కడ ఆగుతాయి, ఎంత డబ్బు లాగుతాయి

హైదరాబాద్‌లో ప్రీమియర్ పద్మినో, అంబాసిడరో, తొలి రోజుల మారుతి 800నో ఇంట్లో పెట్టుకుని కనీసం ఆదివారాలైనా నడపాలనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నా. బండిని కదపకుండా కవరు కప్పి ఉంచేవాళ్లకు దీంతో పెద్దగా పనిలేదు. చౌమహల్లా ప్యాలెస్‌లో ఆరో నిజాం ఆర్డరిచ్చిన పసుపు రోల్స్ రాయిస్ ఇప్పటికీ నిగనిగలాడుతూ ఉందంటే, దాన్నెవరూ మే నెల మధ్యాహ్నం అమీర్‌పేట సిగ్నల్ దగ్గర ఫస్ట్ గేర్‌లో నిలబెట్టరు కాబట్టే.

ఈ కార్లలో స్పేర్ పార్టుల ధర చూసి భయపడక్కర్లేదు. ప్లగ్గులకు స్పార్క్ అందించే పాయింట్ సెట్టు, కండెన్సర్, రోటర్ మూడూ కలిపి కొన్నా ఇప్పటి కారు సెన్సర్ ఒకటి రాదు. మరి డబ్బు ఎక్కడికి పోతుందంటే, అక్కర్లేనిది విప్పించుకోవడానికి, చేసిన పనే రెండోసారి చేయించుకోవడానికి, వందల్లో పోయే లోపాన్ని నెలల తరబడి సాగదీసి వేలల్లోకి తెచ్చుకోవడానికి పోతుంది. అందుకే చవకైనది ముందు చూడండి, ఖరీదైనది తర్వాతే విప్పించండి. కింద చెప్పేదంతా ఈ ఒక్క మాట మీదే నడుస్తుంది.

కొనే ముందు చూసుకోవాల్సింది

ఇంజిన్ చప్పుడు విని మురిసిపోకండి. ఇంజిన్ ఎంత పాడైనా బాగుచేయొచ్చు. అసలు గండం తుప్పు. పద్మినికైనా అంబాసిడర్‌కైనా విడిగా ఛాసిస్ ఉండదు, బాడీయే బరువంతా మోస్తుంది, కాబట్టి ఫ్లోర్ తుప్పు పట్టిందంటే కారు ఎముకే పుచ్చినట్టు. కార్పెట్లు ఎత్తి చూడండి, డోర్ల కింద ఉండే బాక్సులు, జాకీ పెట్టే చోట్లు, వెనక పట్టీలు బిగించే చోట్లు స్క్రూడ్రైవర్ పిడితో కొట్టి చూడండి, ఖంగుమనాలి. చిన్న అయస్కాంతం మీద పల్చటి బట్ట చుట్టి బాడీ అంతా తిప్పితే పుట్టీ పెట్టి కప్పేసిన చోట అది అంటుకోదు. మన ఊరి వాతావరణం పొడిగా ఉంటుంది కాబట్టి మొదటి నుంచీ ఇక్కడే తిరిగిన బండికి తుప్పు తక్కువ. వైజాగ్ నుంచో చెన్నై నుంచో వచ్చిన బండి అయితే మాత్రం లిఫ్ట్ మీదకి ఎక్కించి కింద నుంచి చూడకుండా అడ్వాన్స్ ఇవ్వొద్దు. డెంటింగ్, వెల్డింగ్, పెయింటింగ్ మొత్తం కొత్తగా చేయించాల్సి వస్తే ఒక్కోసారి కారు కొన్న ధరే మళ్లీ పెట్టాల్సి వస్తుంది, పైగా ఆ పని నెలల తరబడి సాగుతుంది.

ఇంజిన్ విషయంలో అమ్మేవాణ్ని అడగాల్సిన ప్రశ్న ఒకటుంది, చాలామంది అడగరు: ‘ఇప్పుడు ఏ సైజు బోర్‌లో ఉంది?’ ఇంజిన్ పని చేయించిన ప్రతిసారీ సిలిండర్ కాస్త పెద్దది చేసి 20, 40 అంటూ పై సైజు పిస్టన్లు వేస్తారు. ఆఖరి సైజు కూడా అయిపోయిన బ్లాకైతే ఇక స్లీవులు (సిలిండర్ లోపల కొత్త గొట్టాలు) దింపాలి, ఖర్చు పెరుగుతుంది. క్రాంక్ షాఫ్ట్ కూడా అంతే, గ్రైండింగ్‌కు ఇంకా ఎంత మిగిలిందో కనుక్కోండి. బండి చూడటానికి వెళ్తున్నామని చెప్పి, ఇంజిన్ చల్లగానే ఉంచమనండి. మీరు వెళ్లేసరికే వేడిచేసి పెట్టారంటే ఏదో దాస్తున్నారని అనుకోవచ్చు. నీలం పొగ వస్తే ఆయిల్ మండుతోందన్నట్టు, నల్ల పొగైతే కార్బురేటర్ సెట్టింగ్‌తో పోవచ్చు. ఇంజిన్ బాగా వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకపోతే, ఆయిల్ మూత లోపల పాలమీగడలాంటి జిడ్డు కనిపిస్తే, నీళ్లు లోపలికి పోతున్నాయన్నమాట.

నీలం పొగ చూడగానే ‘ఫుల్ ఇంజిన్ పని’ అని తేల్చేసేవాళ్లుంటారు. తొందరపడకండి. కంప్రెషన్ గేజ్ పెట్టి అన్ని సిలిండర్లూ కొలిపించండి. తక్కువ వచ్చిన దాంట్లో చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొలిస్తే, రీడింగ్ పెరిగితే రింగులు అరిగినట్టు, పెరగకపోతే వాల్వుల దగ్గర లీకున్నట్టు. వాల్వుల పనయితే హెడ్ (ఇంజిన్ పైభాగం) ఒక్కటి దింపితే సరిపోతుంది, కొన్ని వేలతో బయటపడతారు. రింగులు, బోరింగ్, బేరింగులు, క్రాంక్ అన్నీ కలిసొస్తే లక్ష దగ్గర పెట్టుకునే దిగండి. ఈ తేడా తేల్చే పరీక్షకు అరగంట చాలు.

రోడ్డు మీద ఆగిపోయినప్పుడు

పాత కారు ఓనర్ల గోడు ఎక్కువగా ఇక్కడే. బండి పొద్దున చక్కగా స్టార్ట్ అవుతుంది, మెహిదీపట్నం దాకా బాగానే వస్తుంది, ట్రాఫిక్‌లో ఇరవై నిమిషాలు పాకాక దగ్గి ఆగిపోతుంది. అరగంట నిలబెడితే ఏమీ ఎరగనట్టు మళ్లీ స్టార్ట్ అవుతుంది. అందరూ ‘వేపర్ లాక్’ అనేస్తారు. ఎండాకాలంలో అది నిజమే కావచ్చు: ఈ కార్లలో పెట్రోల్ పంపు ఇంజిన్‌కే బిగించి ఉంటుంది, ఆ వేడికి పంపులో, పైపులో పెట్రోల్ ఆవిరైపోతుంది, ఆవిరిని లాగలేక పంపు చేతులెత్తేస్తుంది. కానీ సరిగ్గా ఇవే లక్షణాలు పాడవుతున్న కండెన్సర్ కూడా చూపిస్తుంది. చల్లగా ఉన్నంతసేపు పనిచేస్తుంది, వేడెక్కగానే స్పార్క్ బలహీనపడిపోతుంది. కాయిల్ పోతున్నా ఇదే తంతు. వేపర్ లాక్ అనుకుని పంపు మార్పించి, కార్బురేటర్ ఓవర్‌హాల్ చేయించి, ట్యాంక్ కూడా కడిగించి, చివరికి కండెన్సర్ వేస్తే బాగైన బండ్లు ఈ ఊళ్లో కొల్లలు.

కాబట్టి ఆగిన చోటే, ఇంజిన్ వేడిగా ఉండగానే చూడాలి. చల్లారాక గ్యారేజీకి వెళ్తే అక్కడ అన్నీ బాగానే కనిపిస్తాయి, మెకానిక్ మీ మొహం చూస్తాడు, మీరు అతని మొహం చూస్తారు. మొదట స్పార్క్. డిస్ట్రిబ్యూటర్ మూత నడిమధ్య నుంచి కాయిల్‌కు వెళ్లే లావు వైరు పీకి, దాని కొసను ఇన్సులేషన్ ఉన్న ప్లయర్‌తో పట్టుకుని ఇంజిన్ ఇనుముకు ఐదారు మిల్లీమీటర్ల దూరంలో ఉంచి, పక్కవాళ్లను సెల్ఫ్ కొట్టమనండి. నీలంగా, టక్ టక్‌మని చప్పుడుతో దూకితే ఇగ్నిషన్ బాగున్నట్టే. పసుపుపచ్చగా, పల్చగా వచ్చినా, అసలు రాకపోయినా పెట్రోల్ జోలికి వెళ్లకండి. పాయింట్లు నల్లగా కాలి ఉన్నాయేమో చూసి, డిక్కీలో ఉన్న కొత్త కండెన్సర్ వేయండి. ఈ పరీక్ష చేసేటప్పుడు దగ్గర్లో పెట్రోల్ కారుతూ ఉండకూడదని వేరే చెప్పక్కర్లేదు కదా. వాసన గట్టిగా వస్తుంటే ఆ పని అక్కడ చేయనే వద్దు.

స్పార్క్ బాగుంటే అప్పుడు పెట్రోల్ సంగతి. స్పార్క్ రాకుండా కాయిల్‌కు కరెంటు ఇచ్చే సన్న వైరు ఊడదీసి, కార్బురేటర్ దగ్గర పైపు ఊడదీసి సీసాలో పెట్టి సెల్ఫ్ కొడితే పంపు దఫదఫాలుగా పెట్రోల్ చిమ్మాలి. బుడగలు వస్తున్నా, ఏమీ రాకపోయినా అప్పుడు పంపు మీద, పైపు మీద తడిగుడ్డ వేసి పది నిమిషాలు ఆగండి. మన పాత డ్రైవర్లు ఎప్పట్నుంచో చేసే పనే ఇది, ఇప్పటికీ దీన్ని మించిన వైద్యం లేదు. అది పదేపదే అవుతుంటే పైపును ఎగ్జాస్ట్ నుంచి దూరంగా జరిపించి, మధ్యలో రేకు అడ్డం పెట్టించండి, పెద్ద ఖర్చేం కాదు. ఇంకో పైసా ఖర్చులేని పరీక్ష కూడా ఉంది. బండి ఆగినప్పుడు పెట్రోల్ ట్యాంక్ మూత తీయండి. ‘ఉస్’మని గాలి లోపలికి పీల్చుకున్న చప్పుడొస్తే, మూతకుండే సన్నటి గాలిరంధ్రం మూసుకుపోయిందన్నమాట. సూదితో పొడిస్తే సరి.

పాయింట్ల గ్యాప్ విజిటింగ్ కార్డు మందంతో సెట్ చేసే ఉస్తాదులు ఇంకా ఉన్నారు, వాళ్ల చేతివాటం గొప్పదే, కానీ ఫీలర్ గేజ్ కొనుక్కోండి. పాత పెట్రోల్ అంబాసిడర్‌లో వచ్చే లూకాస్ డిస్ట్రిబ్యూటర్‌కు గ్యాప్ 14 నుంచి 16 థౌ, అంటే ఇంచుమించు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు. వాల్వుల దగ్గర ట్యాపెట్ గ్యాప్ 15 థౌ. గేజ్ మీ దగ్గరుంటే ఈ రెండూ ఆదివారం పొద్దున ఇంట్లోనే చూసుకోవచ్చు.

వేడి, నీళ్లు, హెడ్

చిన్న బిల్లు పెద్ద బిల్లయ్యేది ఎక్కువగా ఇక్కడే. రేడియేటర్‌లో బోరు నీళ్లు పోయకండి. మన బోరు నీళ్లలోని ఉప్పు లోపలి ట్యూబుల్లో పేరుకుపోతుంది, వేడి బయటికి పోదు. బ్యాటరీలకు అమ్మే డిస్టిల్డ్ వాటర్‌లో కూలెంట్ కలిపి పోయండి. ఇప్పటికే మూసుకుపోయి ఉంటే రేడియేటర్ విప్పి రాడింగ్ (ట్యూబుల్లో కడ్డీ దూర్చి శుభ్రం చేయడం) చేయించాలి, అది కొన్ని వేలలోపు పనే. చేయించకుండా నడిపారనుకోండి, పద్మిని హెడ్ అల్యూమినియంది, వేడికి వంగుతుంది, గ్యాస్‌కెట్ పోతుంది, హెడ్ దింపాలి, ఫేసింగ్ (అడుగును మళ్లీ చదును చేయడం) చేయించాలి. ఫేసింగ్ చేసిన ప్రతిసారీ కాస్త లోహం పోతుంది కాబట్టి అది కూడా ఎన్నిసార్లంటే అన్నిసార్లు కుదరదు.

ఈ హీటింగ్ గోలలో చాలా గ్యారేజీల్లో చేసే పని ఒకటి నాకు అస్సలు నచ్చదు: ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్లు రేడియేటర్‌లోకి వెళ్లకుండా ఆపే థర్మోస్టాట్‌ను తీసి పారేయడం. దాంతో ఇంజిన్ వేడెక్కడానికి ఆలస్యమవుతుంది, పెట్రోల్ ఎక్కువ తాగుతుంది, లోపల అరుగుదల పెరుగుతుంది, అసలు రోగం అలాగే ఉండిపోతుంది. దాన్ని ఇంట్లోనే పరీక్షించొచ్చు. గిన్నెలో నీళ్లు పోసి దారంతో వేలాడదీసి స్టవ్ మీద పెడితే, నీళ్లు మరగకముందే, దాదాపు 80 డిగ్రీల దగ్గర తెరుచుకోవాలి. తెరుచుకోకపోతే కొత్తది వేయండి.

దారిలో మీటరు ముల్లు ఎర్రగీత చేరితే పక్కకు ఆపి బానెట్ ఎత్తి కూర్చోండి, అంతే. రేడియేటర్ మూత తీయొద్దు, కాలుతున్న ఇంజిన్‌లో చల్లనీళ్లు అసలే పోయొద్దు. టెన్షన్‌లో అందరూ చేసేది సరిగ్గా ఈ రెండే.

పెట్రోల్ మారింది, మన కార్లు మారలేదు

మన దేశంలో 2000 నుంచి సీసం కలిపిన పెట్రోల్ అమ్మడం లేదు. అంబాసిడర్ పాత 1489 సీసీ ఇంజిన్ సీసం ఉన్న రోజుల్లో డిజైన్ చేసింది. అందులో ఇనుప హెడ్‌లోనే వాల్వు సీట్లు కోసి ఉంటాయి, ఆ సీట్లకు ఒక రక్షణగా ఉండేది సీసమే. ఇప్పుడు హైవే మీద గట్టిగా నడిపితే వాల్వులు మెల్లగా సీట్లలోకి దిగబడతాయి. ఎలా తెలుస్తుందంటే, ట్యాపెట్ గ్యాప్ సెట్ చేసిన కొద్ది రోజులకే మళ్లీ తగ్గిపోతూ ఉంటుంది. కంగారుపడి హెడ్ దింపక్కర్లేదు, ఎప్పుడైనా ఎలాగూ దింపుతారు కదా, అప్పుడు గట్టి సీట్ రింగులు వేయించండి.

ఇక ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది, పాతకాలం రబ్బరును మెత్తబరుస్తుంది, ట్యాంక్‌లో తుప్పుకు దారిస్తుంది. పెట్రోల్ పైపులు, పంపులోని డయాఫ్రం ఈ రెంటినీ ఇథనాల్‌ను తట్టుకునే రబ్బరుతో మార్చేయండి. బండి కొన్న వారంలో చేయాల్సిన మొదటి పని ఇదే, ఎందుకంటే పైపు చిట్లితే పెట్రోల్ కారేది వేడి ఎగ్జాస్ట్ పక్కనే. చిన్న ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ డిక్కీలో కాకుండా డ్రైవర్ సీటు దగ్గర ఉంచుకోండి. నెలల తరబడి బయటికి తీయని బండైతే ట్యాంక్ నింపి వదిలేయకుండా తక్కువ పోయించి, తరచూ తిప్పండి. వారానికోసారి పది నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేయడం వల్ల లాభం లేదు, అరగంటైనా రోడ్డు మీద నడవాలి.

బ్రేకుల దగ్గర బేరాలు వద్దు

పాత మోడళ్లలో బ్రేకులకు ఒకే లైన్ ఉంటుంది, నాలుగు చక్రాల్లో ఎక్కడ లీకైనా పెడల్ మొత్తం కిందికి పోతుంది. మాస్టర్ సిలిండర్, వీల్ సిలిండర్లు, మూడు రబ్బరు హోసులు ఒకేసారి చేయించండి. ఒక్కోటి ఒక్కోసారి చేయిస్తే కొత్త ఒత్తిడికి మిగతా పాతవి లీకవుతాయి, లేబర్ ప్రతిసారీ కట్టాలి. ఫ్లూయిడ్ రెండేళ్లకోసారి మార్చాలి. టైర్ల మీద గాడులు నిండుగా ఉన్నాయని మోసపోకండి. పక్కన అచ్చయిన నాలుగంకెల్లో మొదటి రెండు వారాన్ని, చివరి రెండు ఏడాదిని చెబుతాయి, పదేళ్లు దాటితే కొత్తవే.

పార్టులు, మెకానిక్కులు

పద్మిని తయారీ 2000 ప్రాంతంలోనే ఆగిపోయింది, అంబాసిడర్, మారుతి 800 రెండూ 2014లో ఆగాయి. పార్టులు దొరకడంలో తేడా కూడా దాదాపు ఇదే వరసలో ఉంటుంది. మారుతికి ఏ పేటలోనైనా దొరుకుతాయి, అంబాసిడర్‌కు కాస్త తిరగాలి, పద్మినికి బాగా తిరగాలి. రాణిగంజ్‌తో మొదలుపెట్టండి. పాత పార్టు చేతిలో పట్టుకుని వెళ్లండి, ఫోన్‌లో ఫొటో చూపిస్తే దుకాణంలో ఏదో ఒకటి ఇచ్చి పంపిస్తారు. బుష్‌లు, పిన్నుల్లాంటివి దొరక్కపోతే బాలానగర్ వైపు లేత్ పని చేసే చిన్న యూనిట్లు బోలెడున్నాయి, నమూనా ఇస్తే చేసిస్తారు.

‘కంపెనీ ఒరిజినల్, పాత స్టాక్ సార్, పెట్టె కూడా విప్పలేదు’ అంటారు. ఇనుప వస్తువైతే కళ్లు మూసుకుని కొనండి. రబ్బరుదైతే వద్దే వద్దు, పాతికేళ్లుగా పెట్టెలోనే ఉండి గట్టిపడిపోయి ఉంటుంది. సీళ్లు, హోసులు, డయాఫ్రంలు, బ్రేక్ కిట్లు ఎవరు తయారుచేసినా సరే, ఈమధ్య చేసినవే తీసుకోండి.

మెకానిక్ విషయానికొస్తే, పాయింట్లు, కార్బురేటర్ తెలిసిన ఉస్తాదులు చాలామంది పెద్దవాళ్లయ్యారు, వాళ్ల దగ్గర పని నేర్చుకున్న కుర్రాళ్లు కొత్త కార్ల వైపు వెళ్లిపోయారు. దొరికిన ఉస్తాదును గౌరవంగా చూసుకోండి, ‘భాయ్, తొందరేం లేదు, మీకు కుదిరినప్పుడే చేయండి’ అంటే చాలు, పని నాణ్యతే మారిపోతుంది. అయితే డబ్బు సంగతి మాత్రం ముందే తేల్చుకోవాలి. చిన్న పనులకు రోజు కూలీ లెక్క మంచిది, హెడ్ పని, ఇంజిన్ పని లాంటివి గుత్తకు మాట్లాడుకుని, అందులో ఏమేం వస్తాయో ఒక కాగితం మీద రాసుకోండి. లేత్ ఖర్చు, ప్యాకింగ్ సెట్టు (గ్యాస్‌కెట్లు), ఆయిల్ అందులోనేనా, విడిగానా? గొడవలన్నీ ఈ మూడింటి దగ్గరే వస్తాయి. విప్పేముందు ప్రతిదీ ఫొటో తీయండి. తీసేసిన పాత పార్టులు ఇంటికి తెచ్చుకోండి, మార్చారో లేదో తెలుస్తుంది, పైగా ఏదో ఒకరోజు నమూనాగా పనికొస్తాయి. అడ్వాన్స్ మొత్తం ఒకేసారి ఇవ్వకండి. ఇది ఎవరి నిజాయితీ మీదో అనుమానంతో చెప్పడం లేదు, డబ్బు ముట్టిన బండి మూలకు పోతుంది, ఎదురుగా కస్టమర్ నిలబడ్డ బండి ముందుకొస్తుంది, అంతే.

డిక్కీలో ఎప్పుడూ ఉండాల్సినవి: పాయింట్ సెట్టు, కండెన్సర్, రోటర్, ఫ్యాన్ బెల్టు, ఒక రేడియేటర్ హోసు, క్లిప్పులు, రెండు ప్లగ్గులు, టెస్టర్ బల్బు, రెండు లీటర్ల నీళ్లు, ఒక పాత తువ్వాలు. ఫ్లైఓవర్ ఎక్కేముందు టెంపరేచర్ ముల్లు ఓసారి చూసుకోండి, పి.వి. ఎక్స్‌ప్రెస్‌వే లాంటి చోట 11 కిలోమీటర్లకు పైగా దిగడానికి దారులు తక్కువ.

కాగితాల ఖర్చు

ప్రైవేటు కారు ఆర్‌సీ 15 ఏళ్లకు ముగుస్తుంది, ఆ తర్వాత ఐదేళ్లకోసారి రెన్యువల్. బండిని ఆర్టీఏ ఆఫీసుకు తీసుకెళ్లి చూపించాలి. ఢిల్లీలోలాగా వయసు చూసి రోడ్డెక్కనివ్వకపోవడం ఇక్కడ లేదు, ఫిట్‌నెస్ ఉంటే చాలు. 2022 ఏప్రిల్ నుంచి 15 ఏళ్లు దాటిన కారు రెన్యువల్ ఫీజు 5,000 రూపాయలయింది, 2025 ఆగస్టులో 20 ఏళ్లు దాటినవాటికి 10,000 చేశారు. గ్రీన్ ట్యాక్స్ దీనికి అదనం. కొనేటప్పుడు ఆర్‌సీ ఎప్పటిదాకా ఉందో చూసి, అయిపోయి ఉంటే ఆ మొత్తం ధరలోంచి తగ్గించమనండి. ఇంజిన్, ఛాసిస్ నంబర్లు ఆర్‌సీతో అక్షరం అక్షరం సరిపోవాలి. పెయింటింగ్‌కు ఇచ్చినప్పుడు ఆ నంబర్లున్న చోట గ్రైండర్ పెట్టొద్దని ముందే గట్టిగా చెప్పండి. రంగు మారిస్తే ఆర్‌సీలో కూడా మార్పించాలి.

యాభై ఏళ్లు దాటిన బండికి 2021లో వచ్చిన వింటేజ్ నిబంధనల కింద వేరే రిజిస్ట్రేషన్ ఉంది, నంబర్‌లో వీఏ అనే అక్షరాలు వస్తాయి, ఫీజు 20,000, పదేళ్లు చెల్లుతుంది. కానీ దాంతో రోజూ తిరగడానికి వీల్లేదు, ప్రదర్శనలకూ ర్యాలీలకూ మరమ్మతులకూ తీసుకెళ్లొచ్చు. ఆదివారాలు కుటుంబంతో బయటికెళ్లాలనుకునేవాళ్లు మామూలు రెన్యువల్‌లోనే ఉండటం మేలు.

ఇన్సూరెన్స్ థర్డ్ పార్టీ తప్పనిసరి. ఫుల్ పాలసీ కావాలంటే మీ బండి విలువ ఎంతో కంపెనీతో మాట్లాడి ఒప్పించుకోవాలి, తయారీ ఆగిన మోడళ్లకు ఆ విలువ ఇద్దరూ కలిసి నిర్ణయించేదే. చేయించిన పనుల బిల్లులు, ఫొటోలు అప్పుడే అక్కరకొస్తాయి. పాలసీలో టోయింగ్ ఉంటే తీసుకోండి, బండి పంపించేటప్పుడు ఫ్లాట్‌బెడ్ లారీనే అడగండి. ముందు చక్రాలెత్తి లాక్కెళ్తే పద్మిని, అంబాసిడర్‌లలో ఇంజిన్ తిప్పేది వెనక చక్రాలనే కాబట్టి గేర్‌బాక్స్ లోపలి గేర్లు కూడా తిరుగుతూనే ఉంటాయి.